పవర్ రాసిస్తే ఆస్తి పోయినట్టేనా?

మన తరఫున పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ, వాడుకలో పవర్) గురించి మా నెల్లూరు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "విదేశాల్లో ఉన్నవాళ్లు జీపీఏ రాసిస్తే ఆస్తి పోయినట్టే. రద్దు చేయలేరు, మనిషి పోయినా అది చెల్లుతుంది. పవర్ వద్దు, ఊళ్లో నోటరీ కాగితం చాలు." అది చదివి కువైట్‌లో ఉన్న మా బావకు రెండు రాత్రులు నిద్ర లేదు. పొదలకూరు దగ్గర ఆయన నిమ్మతోట చూసేది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆస్తి పోయినట్టే అన్నది తప్పు. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. ఓనరు ఆయనే, నేను ఆయన తరఫు మనిషిని. అయితే ఆ భయం ఊరికే పుట్టలేదు. కాగితంలో అమ్మే అధికారం రాసిచ్చి ఉంటే, పవర్ ఉన్నవాడు చేసిన అమ్మకానికి ఓనరు కట్టుబడాల్సిందే. కాబట్టి రైటర్ దగ్గర రెడీగా ఉన్న నమూనా మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. మేం సర్వే నంబరు వేసి, తోట గుత్తకివ్వడం, గుత్త డబ్బు బావ ఖాతాలో వేయడం, కరెంటు బిల్లు కట్టడం వరకే రాయించాం. కింద విడిగా ఒక వాక్యం: "అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, దానమివ్వడానికి అధికారం లేదు." ఫోన్‌లో అది చదివి వినిపించాక అక్క టెన్షన్ సగం తగ్గింది.

రద్దు చేయలేరన్నదీ నిజం కాదు. పవర్ పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ముడిపడి ఉంటేనే చిక్కు. మామూలు పవర్‌ను ఇండియాకు రాకుండానే, అక్కడి ఎంబసీలో రద్దు పత్రం మీద సంతకం పెట్టి ఆపేయొచ్చు. కానీ ఆ సంగతి పవర్ ఉన్న మనిషికి, గుత్తదారుకు, బ్యాంకుకు, సబ్ రిజిస్ట్రార్‌కు వెంటనే తెలపాలి. తెలిసేదాకా జరిగిన లావాదేవీలు మన మెడకే చుట్టుకుంటాయి.

రాసిచ్చిన మనిషి పోతే మామూలు పవర్ కూడా అంతటితో సరి. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లోనే ఉంది.

అన్నిటికంటే చేటు చేసేది ఆ నోటరీ సలహా. ఇక్కడ రాయించి, సంతకం ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకున్న కాగితం రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. విదేశంలో ఉన్నవాళ్లు తామున్నచోటే భారత కాన్సులర్ అధికారి ఎదుటో, నోటరీ ఎదుటో సంతకం పెట్టి ధ్రువీకరించుకోవాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చెప్పేది అదే. బావ ఎంబసీలో సంతకం పెట్టి అసలు కాగితం కొరియర్‌లో పంపారు. ఇండియా చేరిన 3 నెలల్లోపు దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కాగితం ఎప్పుడొచ్చిందని అడిగితే చూపడానికి, తేదీ ఉన్న కొరియర్ కవరును దానికే పిన్ను కొట్టి దాచాను. మీరూ ఆ కవరు పారేయకండి.