హాగ్లర్, లియోనార్డ్: గంట మోగకముందే మొదలైన పోరు

1979 నవంబరు 30న లాస్ వెగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో ఒకే రాత్రి రెండు ప్రపంచ బాక్సింగ్ టైటిల్ పోటీలు జరిగాయి. ఒకదానిలో ఇరవై మూడేళ్ల షుగర్ రే లియోనార్డ్, చివరి రౌండ్ ముగియడానికి ఆరు సెకన్ల ముందు విల్‌ఫ్రెడ్ బెనితెజ్‌ను ఓడించి వెల్టర్‌వెయిట్ (147 పౌండ్ల లోపు విభాగం) ఛాంపియన్ అయ్యాడు. రెండోదానిలో మార్విన్ హాగ్లర్ మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల లోపు) ఛాంపియన్ వీటో ఆంటూఫెర్మోతో పదిహేను రౌండ్లు తలపడ్డాడు. గెలుపు హాగ్లర్‌దేనని చూసినవారిలో చాలామంది భావించినా జడ్జిలు డ్రాగా తేల్చడంతో టైటిల్ ఆంటూఫెర్మో దగ్గరే ఉండిపోయింది. ఆ రాత్రికి లియోనార్డ్ పారితోషికం పది లక్షల డాలర్లు కాగా హాగ్లర్‌కు దక్కింది నలభై వేలు. హాగ్లర్‌కు అది వృత్తి జీవితంలో యాభయ్యో పోటీ. లియోనార్డ్ అయితే దాదాపు ఆ నలభై వేలనే 1977లో బాల్టిమోర్‌లో ఆడిన తన మొట్టమొదటి ప్రొఫెషనల్ పోటీకే అందుకున్నాడు.

ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న చర్చ ఎప్పుడు వచ్చినా 1987 ఏప్రిల్ 6న వారిద్దరి మధ్య జరిగిన ఏకైక పోటీలో, జడ్జిలు ఇద్దరు ఒకరితో లియోనార్డ్‌ను గెలిపించిన తీర్పు దగ్గరికే వెళ్లి ఆగుతుంది. ఆ పన్నెండు రౌండ్లలో ఎవరికి ఎన్ని ఇవ్వాలన్న లెక్కతో మూడు దశాబ్దాలకు పైగా గడిపిన అభిమానులు, ఆ పన్నెండు రౌండ్లు పన్నెండే ఎందుకయ్యాయని అడగడం తక్కువ. బాక్సింగ్‌లో రెండు రకాల బలాలు పనిచేస్తాయి. ఒకటి రింగ్‌లో చూపేది, మరొకటి రింగ్‌లోకి ఏ షరతుల మీద దిగాలో నిర్ణయించగలిగేది. లియోనార్డ్ రెండో బలాన్ని మొదటి రోజు నుంచీ చేతిలో ఉంచుకున్నాడు. హాగ్లర్ దానికోసం పదేళ్లకు పైగా ఎదురుచూసి, అది చేతికొచ్చాక డబ్బుకు మార్చుకున్నాడు. వారి వారసత్వాల మధ్య తేడా ఎక్కువగా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

లియోనార్డ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ స్వర్ణ పతకంతో, టెలివిజన్‌కు నచ్చే ముఖంతో వృత్తిలోకి వచ్చాడు. అతడి అసలు అదృష్టం మాత్రం మైక్ ట్రెయినర్ అనే న్యాయవాది. పెద్ద ప్రమోటర్లెవరికీ దీర్ఘకాలిక ఒప్పందం రాసివ్వకుండా, ట్రెయినర్ తనకు తెలిసినవారి నుంచి 21 వేల డాలర్ల పెట్టుబడిని వడ్డీకి సమకూర్చి, లియోనార్డ్ పేరిటే ఒక సంస్థను నిలబెట్టాడు. తొలి పోటీ ఆదాయంతోనే ఆ అప్పు తీరిపోయింది. మహమ్మద్ అలీ శిక్షకుడిగా పేరుపొందిన ఏంజెలో డండీ, ప్రత్యర్థులను ఏ వరుసలో ఎదుర్కోవాలో చూసుకున్నాడు. అంటే ఇరవై ఏళ్ల వయసులోనే ఆ కుర్రవాడు తన పనికి తానే యజమాని. బాక్సింగ్ చరిత్రలో అంతకుముందు ఈ స్థితి దాదాపు ఎవరికీ లేదు.

హాగ్లర్ ప్రయాణం దీనికి పూర్తిగా భిన్నం. న్యూజెర్సీలోని నెవార్క్‌లో పుట్టి, 1967 అల్లర్ల తర్వాత కుటుంబంతో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌కు చేరి, అక్కడ గూడీ, పాట్ పెట్రోనెల్లీ సోదరుల జిమ్‌లో చేరాడు. పగలు వారి నిర్మాణ సంస్థలో కూలి పని, సాయంత్రం శిక్షణ. చివరి పోటీ వరకూ ఆ ఇద్దరినే నమ్ముకుని ఉన్నాడు. ఎడమచేతి వాటం, కుడి నుంచి ఎడమకు తడబాటు లేకుండా మారగల నేర్పు, గట్టి దవడ ఉన్న ఇలాంటి బాక్సర్‌తో ఆడి ఓడిపోతే పోయేది ఎక్కువ, గెలిస్తే వచ్చేది తక్కువ. అందుకే పేరున్నవారు అతడిని తప్పించుకు తిరిగారు. ఫిలడెల్ఫియా మిడిల్‌వెయిట్ల గడ్డ మీదికే వెళ్లి పోరాడి, 1976లో బాబీ వాట్స్, విల్లీ మన్రోల చేతిలో ఓడాడు. తర్వాత ఇద్దరినీ ఓడించాడు. ప్రపంచ టైటిల్ పోటీ అవకాశం రావడానికి మసాచుసెట్స్ రాజకీయ నాయకులు టిప్ ఓనీల్, ఎడ్వర్డ్ కెన్నెడీ కల్పించుకోవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

1980 సెప్టెంబరులో లండన్ వెంబ్లీలో అప్పటి ఛాంపియన్, బ్రిటన్‌కు చెందిన అలన్ మింటర్‌ను మూడు రౌండ్లలోనే చిత్తుచేసి హాగ్లర్ ఎట్టకేలకు ఛాంపియన్ అయ్యాడు. ఆ ఆనందాన్ని కూడా అతడికి సవ్యంగా దక్కనివ్వలేదు. ప్రేక్షకులు రింగ్‌లోకి సీసాలు విసరడంతో కొత్త ఛాంపియన్‌ను సహాయకులు తమ శరీరాలతో కప్పి బయటకు తీసుకెళ్లారు. 1982లో 'మార్వలెస్' అనే విశేషణాన్ని చట్టబద్ధంగా తన పేరులో చేర్చుకున్నాడు. ఇది గర్వమని కొందరు అన్నారు. అడిగినా ఎవరూ ఇవ్వని గుర్తింపును కోర్టు ద్వారా తెచ్చుకోవడంగానే నాకది కనిపిస్తుంది.

1980 నుంచి సాగిన ఆరున్నరేళ్ల పాలన మిడిల్‌వెయిట్ చరిత్రలో అతి బలమైన వాటిలో ఒకటి. హాగ్లర్ పన్నెండు సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అర్జెంటీనాకు చెందిన కార్లోస్ మోన్జోన్ పద్నాలుగుకు ఇది రెండే తక్కువ. 1983లో పనామా బాక్సర్ రాబర్టో డురాన్‌తో పోరు ఒక్కటే జడ్జిల దాకా వెళ్లింది. మిగిలినవన్నీ ముందే ముగిశాయి. 1985 ఏప్రిల్ 15న థామస్ హెర్న్స్‌తో జరిగిన పోటీ ఎనిమిది నిమిషాల చిల్లర మాత్రమే. అయినా దాని తొలి రౌండ్‌ను మించినది లేదని ఇప్పటికీ చాలామంది అంటారు. ఎత్తులో, చేతుల పొడవులో పైచేయి ఉన్న హెర్న్స్‌కు దూరం దొరకనివ్వకూడదని హాగ్లర్ మొదటి క్షణం నుంచే మీదికి దూకాడు. హెర్న్స్ కుడిచేయి తొలి రౌండ్‌లోనే విరిగింది. హాగ్లర్ నుదుటి గాయం నుంచి కారే రక్తాన్ని చూసి మూడో రౌండ్‌లో రెఫరీ రిచర్డ్ స్టీల్ వైద్యుడిని పిలిచాడు. పోటీని ఆపేస్తారేమోనన్న ఆ అనుమానమే హాగ్లర్‌ను తొందరపెట్టింది, అదే రౌండ్‌లో హెర్న్స్ కూలిపోయాడు. గెలుపును జడ్జిల చేతికి, వైద్యుల చేతికి వదలకూడదన్న పాఠాన్ని ఆంటూఫెర్మో డ్రా నుంచి ఎంత లోతుగా నేర్చుకున్నాడో ఈ పోటీలో కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఆ పాఠాన్నే మరిచిపోవడం వింత.

లియోనార్డ్ గొప్పతనాన్ని ఏళ్లతో కొలవలేం, అతడు రాత్రుల మనిషి. 1980 జూన్‌లో మాంట్రియల్‌లో డురాన్ కవ్వింపులకు లొంగి, అతడికి నచ్చిన రీతిలోనే దగ్గరగా నిలబడి పోరాడి ఓడిపోయాడు. ఐదు నెలల తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో కాళ్లకు పని చెప్పి, దూరంగా తిరుగుతూ, ఆటపట్టిస్తూ, డురాన్ లాంటి మొండివాడినే ఎనిమిదో రౌండ్‌లో పోటీ వదులుకునేలా చేశాడు. 1981 సెప్టెంబరు 16న హెర్న్స్‌తో తొలి పోరులో ఒక కన్ను వాచిపోయి, ముగ్గురు జడ్జిల లెక్కలోనూ వెనకబడి ఉండగా పదమూడో రౌండ్‌లో తెగించి, పద్నాలుగో రౌండ్‌లో పోటీని ముగించాడు. గెలుపుకు కావలసిన మనిషిగా తనను తాను ఎప్పటికప్పుడు మార్చుకోగలగడం అతడి విద్య. హాగ్లర్‌లో ఆ గుణం ఇంత లేదు, అతడికి పెద్దగా అవసరమూ పడలేదు.

హెర్న్స్‌తో ఆ పోటీ పన్నెండు రౌండ్లదే అయివుంటే లియోనార్డ్ ఓడిపోయేవాడన్నది అభిమానులు తగినంతగా పట్టించుకోని విషయం. అతడి జీవితంలోని అతిగొప్ప విజయానికి ఆధారం పదిహేను రౌండ్ల పద్ధతి. 1982 నవంబరులో రే మాన్సినీతో పోటీ తర్వాత కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ మరణించడంతో ప్రపంచ బాక్సింగ్ మండలి తన టైటిల్ పోటీలను పన్నెండు రౌండ్లకు కుదించింది. మిగిలిన సంస్థలు ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. హాగ్లర్‌తో ఒప్పందం కుదుర్చుకునే నాటికి ఈ విషయం ఇంకా బేరమాడదగినదే. పదిహేను రౌండ్ల వల్ల బతికిన లియోనార్డ్, పన్నెండు రౌండ్లే కావాలని పట్టుబట్టాడు.

ఆ బేరం వెనుక సుదీర్ఘమైన నిరీక్షణ ఉంది. 1982లో కంటి రెటీనా దెబ్బతిన్న లియోనార్డ్ అదే ఏడాది నవంబరులో బాల్టిమోర్‌లో ఒక సభ పెట్టి, హాగ్లర్‌ను పిలిచి, అతడి ఎదుటే తాను రిటైరవుతున్నానని, తమ మధ్య పోటీ ఎన్నటికీ జరగదని చెప్పాడు. 1984లో తిరిగి వచ్చి కెవిన్ హోవర్డ్‌పై గెలిచినా, ఒకసారి కిందపడటంతో మళ్లీ తప్పుకున్నాడు. 1986 మార్చిలో జాన్ ముగాబీపై పదకొండో రౌండ్‌లో గెలిచిన హాగ్లర్‌ను రింగ్ పక్కన కూర్చుని చూసినప్పుడు, ఆ కాళ్లలో వేగం తగ్గిందని లియోనార్డ్ లెక్క. ఐదేళ్లలో ఒకే ఒక్క పోటీ ఆడిన మనిషి, ఎన్నడూ పోరాడని 160 పౌండ్ల విభాగంలోకి వస్తున్నాడు. అయినా షరతులు అతడివే: పన్నెండు రౌండ్లు, పెద్ద రింగ్, దెబ్బ బలం తగ్గించే బరువైన పది ఔన్సుల గ్లౌజులు. వీటిలో ప్రతి ఒక్కటీ కదిలేవాడికి మేలు, వెంటాడేవాడికి నష్టం. హాగ్లర్ వీటన్నిటికీ ఒప్పుకుని ప్రతిఫలంగా తీసుకున్నది కోటి ఇరవై లక్షల డాలర్ల హామీ, ఆపైన వసూళ్లలో వాటా. లియోనార్డ్‌కు కోటి పది లక్షలు. నలభై వేలు తీసుకున్న రాత్రిని తలచుకుంటే, పెద్ద మొత్తం కోరుకోవడాన్ని తప్పుపట్టలేం. కానీ జీవితంలో మొదటిసారి షరతులు రాయించగల స్థితిలో ఉండి కూడా, రౌండ్లు అడగవలసిన చోట డాలర్లు అడిగాడు.

మిగిలిన పొరపాటు రింగ్‌లోపల జరిగింది, దానికి బాధ్యుడు హాగ్లర్ ఒక్కడే. ఎడమచేతి వాటం ఆటతో ప్రపంచాన్ని ఏలినవాడు, తానెలాగైనా పోరాడగలనని చూపించుకోవడానికన్నట్టు, ఆ రాత్రి కుడిచేతి వాటంతో మొదలుపెట్టాడు. అలా తొలి నాలుగు రౌండ్లు దాదాపుగా చేజారాయి. ఐదో రౌండ్ నుంచి వెంటాడి కొట్టాడు, తొమ్మిదో రౌండ్‌లో ఇద్దరూ కలిసి చేసిన పోరాటం ఏ తరానికైనా చూపించదగినది. లియోనార్డ్ మాత్రం ప్రతి రౌండ్‌లో చివరి ముప్పై సెకన్ల కోసం బలం దాచుకుని, అప్పుడు వరుసగా పంచ్‌లు కురిపించి జడ్జిల కళ్లలో పడ్డాడు. వాటిలో సగం బలహీనమైనవేనని చెప్పేవారిది నిజమే కావచ్చు. అయినా అవి తగిలాయి.

రౌండ్ గెలిచినవారికి పది, ఓడినవారికి సాధారణంగా తొమ్మిది పాయింట్లు ఇచ్చే లెక్కలో, జడ్జి డేవ్ మొరెట్టి లియోనార్డ్‌కు 115-113 ఇచ్చాడు. లూ ఫిలిప్పో అదే తేడాతో హాగ్లర్‌కు ఇచ్చాడు. జోజో గెరా మాత్రం లియోనార్డ్‌కు 118-110, అంటే పన్నెండింటిలో పది రౌండ్లు ఇచ్చాడు. ఈ మూడో స్కోరు కార్డు సమర్థించలేనిది. అయితే ఫలితం మారడానికి ఆ కార్డు కారణం కాదు. గెరా 115-113 ఇచ్చి ఉన్నా లియోనార్డే గెలిచేవాడు. ఇంకో చేదు నిజమేమిటంటే, మొదట అనుకున్న జడ్జి బ్రిటన్‌కు చెందిన హ్యారీ గిబ్స్. అభ్యంతరం చెప్పి మార్పించుకున్నది హాగ్లర్ శిబిరమే. గిబ్స్ తర్వాత, తన లెక్క ప్రకారం హాగ్లర్ గెలిచాడని చెప్పాడు. నా మట్టుకు ఆ పోటీని ఒక్క రౌండ్ తేడాతో లియోనార్డ్‌కే ఇస్తాను, తొలి నాలుగు రౌండ్ల కారణంగానే. హాగ్లర్‌కు ఇచ్చేవారితో వాదించను, రెండూ సమంజసమైన లెక్కలే.

అయినప్పటికీ మిడిల్‌వెయిట్‌గా లియోనార్డ్‌ను హాగ్లర్ పక్కన నిలబెట్టడం నాకు సాధ్యం కాదు. టైటిల్ గెలిచిన కొద్ది వారాలకే అతడు మళ్లీ రిటైరయ్యాడు, రీమ్యాచ్ ఇవ్వలేదు. అప్పటికే ముక్కలవడం మొదలైన మిడిల్‌వెయిట్ కిరీటం వేర్వేరు సంస్థల మధ్య చీలిపోయింది. దాన్ని బెర్నార్డ్ హాప్కిన్స్ 2001లో మళ్లీ ఒకటి చేసేవరకు దాదాపు పద్నాలుగేళ్లు పట్టింది. హాగ్లర్ విలువ ఆ చీలిక చూశాకే చాలామందికి తెలిసింది. లియోనార్డ్ 1988లో లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ డానీ లాలోండ్‌ను సూపర్ మిడిల్‌వెయిట్ పరిమితి అయిన 168 పౌండ్లకు దిగివచ్చేలా ఒప్పించి, ఒకే పోటీలో రెండు విభాగాల టైటిళ్లు అందుకున్నాడు. ఐదు బరువుల్లో ఛాంపియన్ అన్న ఘనత కొంతవరకు ఇలాంటి బేరాల పుణ్యమే. తర్వాతి తరంలో ఆస్కార్ డి లా హోయా, ఫ్లాయిడ్ మేవెదర్ తమ పోటీలకు తామే యజమానులైనప్పుడు, వారు నడిచింది లియోనార్డ్ వేసిన దారిలోనే. బాక్సర్ల చేతికి డబ్బు రావడం మంచిదే. ప్రమాదకరమైన ప్రత్యర్థిని ఏళ్ల తరబడి వాయిదా వేయగల అధికారం కూడా దానితోపాటే వచ్చింది.

ఇంకో వైపు, నాటి నలుగురు దిగ్గజాలు లియోనార్డ్, హాగ్లర్, డురాన్, హెర్న్స్ మధ్య జరిగిన తొమ్మిది పోటీల్లో ఆరింటిలో లియోనార్డ్ ఉన్నాడు. నాలుగు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాడు. 1989 నాటి ఆ డ్రాలో హెర్న్స్ అతడిని రెండుసార్లు పడగొట్టాడు, గెలిచింది హెర్న్సేనని లియోనార్డ్ తర్వాత తానే ఒప్పుకున్నాడు. ఆ మచ్చను లెక్కలో వేసుకున్నా, మిగతా ముగ్గురినీ ఓడించినవాడు ఆ నలుగురిలో అతడొక్కడే. అన్ని బరువులూ కలిపి చూస్తే అతడిని ఒక మెట్టు పైన నిలబెట్టక తప్పదు.

హాగ్లర్ 1988లో రిటైర్మెంట్ ప్రకటించి ఇటలీకి వెళ్లి సినిమాల్లో నటించాడు. 1990లో లియోనార్డ్ వైపు నుంచి రీమ్యాచ్ ప్రతిపాదన వచ్చినప్పుడు, కోటిన్నర డాలర్ల మాట వినిపించినా ఒప్పుకోలేదు. మొత్తం 67 పోటీల్లో 62 గెలిచి, 3 ఓడి, 2 డ్రా చేసుకున్న రికార్డుతో, తనను ఓడించినవారిలో లియోనార్డ్ ఒక్కడిపై తప్ప అందరిపైనా బదులు తీర్చుకున్న లెక్కతో అతడు అక్కడే ఆగాడు. 2021 మార్చి 13న మరణించేవరకూ ఆ రాత్రి గెలిచింది తానేనన్న మాట మార్చుకోలేదు. లియోనార్డ్ మాత్రం ఆగలేకపోయాడు. 1991లో టెర్రీ నోరిస్ చేతిలో చిత్తుగా ఓడి, 1997లో నలభై ఏళ్ల వయసులో మళ్లీ రింగెక్కి, హెక్టర్ కమాచో చేతిలో ఐదు రౌండ్లలో కూలిపోయాడు. ఆ పోటీని ఒప్పుకోమని అతడిని ఎవరూ బలవంతపెట్టలేదు.