ఇంటర్ చాలదు, నర్సు దొరకదు

కూలికి పోయే తల్లుల పిల్లలను చూసుకునే క్రెష్‌లో పనిచేయడానికి ఎంత చదువు కావాలి? 2017 నాటి జాతీయ క్రెష్ పథకం ప్రకారం వర్కర్‌కు ఇంటర్, హెల్పర్‌కు పదో తరగతి ఉండాలి. 2022 నుంచి ఆ పథకాన్నే పాల్నా పేరుతో, మహిళల కోసం కేంద్రం నడిపే మిషన్ శక్తిలో కలిపారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల వరకైతే ఈ చదువు సరిపోతుందనే అనుకుందాం. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకాలో ఒక తల్లి సికిల్‌సెల్ అనే వారసత్వ రక్తపు జబ్బు ఉన్న పిల్లాడినో, తరచూ ఫిట్స్ వచ్చే పాపనో, ముక్కు గొట్టంతో పాలు తాగే పసిబిడ్డనో తీసుకొస్తే మాత్రం ఆ సర్టిఫికెట్ అక్కరకు రాదు. ఏదైనా అయితే తన మీదికొస్తుందని వర్కర్ వెనక్కి పంపేస్తుంది. ఆమెను తప్పుపట్టలేం, ఎవరూ ఏమీ నేర్పలేదు మరి. ఆ రోజు మిరప కోత కూలి పోయేది తల్లికి.

దీనికి చాలామంది చెప్పే మందు ఒకటే: ప్రతి కేంద్రంలో నర్సును పెట్టాలి. అమెరికాలోని ఫ్లోరిడా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఇలాంటి పిల్లలకు ప్రత్యేక పగటి కేంద్రాలున్నాయి. డాక్టర్ రాసిస్తేనే బిడ్డను చేర్చుకుంటారు, పర్యవేక్షణ రిజిస్టర్డ్ నర్సుది, ముగ్గురు పిల్లలకు ఒకరి చొప్పున సిబ్బంది ఉంటారు. బాగానే ఉంది. కానీ ఆ నిబంధనను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ రుద్దితే ఒక్క కేంద్రం కూడా తెరుచుకోదు. సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆస్పత్రి పోస్టులకే మనుషులు రాని చోట క్రెష్‌కు నర్సు ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు కోసం అంత దూరం పోనక్కర్లేదు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్‌ల సెర్చ్ సంస్థ 1990లలో ఇదే గడ్చిరోలి జిల్లాలో ఐదు నుంచి పది తరగతుల వరకే చదివిన ఊరి ఆడవాళ్లకు పసిబిడ్డల సంరక్షణ నేర్పింది. బిడ్డ రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకితే గుర్తుపట్టడం, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా వాళ్లే చేశారు. 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఫలితాల ప్రకారం, ఈ సేవలు లేని ఊళ్లతో పోలిస్తే మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డలను చూస్తున్నారంటే దాని మూలం ఇక్కడే. ఇంత పేరున్న జిల్లాలో క్రెష్ వర్కర్ అర్హత దగ్గరికొచ్చేసరికి ఇంకా మార్కుల మెమో అడుగుతున్నారు!

అయితే ఆ ఆడవాళ్లకు ఒక పూట ఉపన్యాసం ఇచ్చి వదిలేయలేదు. చేసి చూపించారు, చేయించి చూశారు, ఆ తర్వాత కూడా ఊరికొచ్చి గమనిస్తూనే ఉన్నారు. అర్హత అంటే మా దృష్టిలో అదీ. గొట్టంతో పాలు పట్టే ముందు ముక్కు దగ్గర వేసిన గుర్తు జరిగిందేమో చూడాలి, బిడ్డ తల ఎత్తి పట్టుకోవాలి, దగ్గు వచ్చినా పెదవులు నీలంగా మారినా వెంటనే ఆపేయాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకూడదు, నోట్లో ఏమీ కుక్కకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన స్ప్రే ముక్కులో కొట్టి బండి పిలవాలి. సికిల్‌సెల్ పిల్లాడికి జ్వరం వస్తే సాయంత్రం దాకా ఆగడానికి వీల్లేదు. ఉన్నట్టుండి పాలిపోయి, ఎడమ పక్కటెముకల కింద పొట్ట ఉబ్బితే అది ప్రాణం మీదికొచ్చిన సంగతే. వీటిలో దేనికీ డిగ్రీ అక్కర్లేదు. కానీ నర్సు కళ్లెదుట చేసి చూపించిన మనిషే చేయాలి. అదీ ఫలానా బిడ్డకు ఫలానా పని అని కాగితం మీద రాసుకుని, నర్సు సంతకం పెట్టాకే. ఆ సంతకం బిడ్డకెంత రక్షణో వర్కర్‌కూ అంతే. ఊపిరి కోసం మెడ దగ్గర గొట్టం వేసిన పిల్లలు, ఆక్సిజన్ మీద ఉన్న పిల్లల సంగతి వేరు. నర్సు పక్కన లేకుండా వాళ్లను ఏ కేంద్రమూ చేర్చుకోకూడదు. ఇందులో రాజీ కుదరదు.

సంతకం పెట్టే నర్సు దగ్గర్లోని ఆరోగ్య ఉపకేంద్రంలోనే ఉండాలి. అక్కడ కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా తీసుకున్నవారిలో నర్సింగ్ చదివినవాళ్లూ ఉన్నారు. తమ పరిధిలోని క్రెష్‌ల బాధ్యత ఆ నర్సింగ్ చదివినవారికి రాతపూర్వకంగా అప్పగించాలి. పిల్లల జబ్బులు తేల్చడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు వస్తున్నాయి, జబ్బు పేరు రాసుకుని వెళ్తున్నాయి. తర్వాత పగలంతా ఆ బిడ్డను ఎవరు చూడాలో మాత్రం ఎవరికీ పట్టదు. సికిల్‌సెల్‌ను 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే చేర్చారు కదా, పిల్లలకు క్రెష్ గడప దగ్గర ఆ హక్కు గుర్తుకు రాదా?

భాష సంగతీ తేల్చాలి. సిరోంచ తల్లి ఇంట్లో మాట్లాడేది తెలుగు. గోదావరి వంతెన దాటి వరంగల్ పెద్దాసుపత్రిలో చూపించుకుంటే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఇస్తారు. వర్కర్‌కు శిక్షణ మరాఠీలో. మందు ఎన్ని చుక్కలో ఈ మూడింటి మధ్య తప్పిపోతుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురంలో మరాఠీ స్థానంలో ఒడియా ఉంటుంది, మిగతా కథంతా ఒకటే. తల్లి చెప్పింది అర్థం చేసుకుని తిరిగి ఆమెకు చెప్పగలగడం కూడా అర్హతే. తెలుగు, గోండీ వచ్చిన స్థానిక మహిళలకు నియామకాల్లో ముందు చోటివ్వాలి. పని పెరిగితే గౌరవ వేతనమూ పెంచాలి. ఊరికే బరువు మోపితే ఎవరు మోస్తారు?

ఢిల్లీ నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. శిక్షణకు ఉత్తర్వు జిల్లా పరిషత్ స్థాయిలోనే ఇవ్వొచ్చు. సిరోంచ, అహేరీ తాలూకాలతో మొదలుపెట్టి మార్చిలోపు ముగించాలి. ఏప్రిల్ చివర తునికాకు మొదలైతే తల్లులు తెల్లారకముందే అడవికి పోతారు. ఆ వెనకే వానలు. 2022 జూలైలో గోదావరి పోటెత్తినప్పుడు ఈ తాలూకా ఊళ్లు ఎలా మునిగాయో అధికారులకు తెలియంది కాదు.