ఫ్రైస్ మసాలాలో విషం లేదు, ఉప్పుంది

రెండు నెలలుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇది: "రెస్టారెంట్లలో ఫ్రెంచ్ ఫ్రైస్‌కి అంత రుచి రావడానికి కారణం అజినోమోటో అనే విషం. దాని బదులు ఇంటి కారం, సైంధవ లవణం, చాట్ మసాలా సమానంగా కలిపి డబ్బాలో పోసుకోండి. అచ్చం రెస్టారెంట్ రుచే వస్తుంది. కెమికల్స్ ఉండవు. బీపీ ఉన్నవాళ్లూ నిశ్చింతగా తినొచ్చు. ఏడాది నిల్వ ఉంటుంది."

మసాలా ఇంట్లో చేసుకోమనడం మంచి సలహానే. నేనూ చేస్తాను. కానీ ఆ ఒక్క మాట తీసేస్తే మిగతావన్నీ తప్పులే. అందులో ఒక తప్పు మా ఇంట్లో మా నాన్నగారి దాకా వచ్చింది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

"రుచికి కారణం అజినోమోటో అనే విషం"

అజినోమోటో అనేది కంపెనీ పేరు. పదార్థం పేరు మోనోసోడియం గ్లుటమేట్. 1908లో కికునయె ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త, అక్కడివాళ్లు చారు కాచుకునే కొంబు అనే సముద్రపు నాచులోంచి గ్లుటమేట్‌ను వేరుచేశాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అది పొడిగా అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు చెరకు, మొక్కజొన్న, కర్రపెండలం లాంటి వాటిని బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేస్తున్నారు.

గ్లుటమేట్ మన వంటింటికి కొత్తదేమీ కాదు. బాగా పండిన టమాటాలో ఉంది, పుట్టగొడుగుల్లో ఉంది, తల్లిపాలలో కూడా ఉంది. టమాటా పప్పు తిన్నాక నాలుక మీద కాసేపు నిలిచే ఆ కమ్మదనంలో దాని వాటా ఉంది. టమాటా నుంచి వచ్చిందా, ప్యాకెట్ నుంచి వచ్చిందా అన్న తేడా మన ఒంటికి తెలియదు.

మరి ఈ భయం ఎక్కడ మొదలైంది? 1968లో అమెరికాలో రాబర్ట్ హో మన్ క్వాక్ అనే డాక్టర్ ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. చైనీస్ రెస్టారెంట్లో తిన్నప్పుడల్లా మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండె దడ వస్తున్నాయని, సోయా సాసో, వంటలో పోసే వైనో, మోనోసోడియం గ్లుటమేటో, ఎక్కువైన ఉప్పో కారణం కావచ్చని అందులో అడిగాడు. అది ప్రశ్నే, తీర్పు కాదు. జనం నోట్లో మాత్రం నాలుగు అనుమానాల్లో ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత ఎవరికి ఏం ఇస్తున్నారో తెలియకుండా జరిపిన పరీక్షల్లో, మామూలుగా అన్నంతో పాటు తినే మోతాదుకు ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. ఖాళీ కడుపుతో ఒకేసారి 3 గ్రాములో, అంతకు మించో తీసుకున్నవారిలో కొందరికి మాత్రం తలనొప్పి, ఒళ్లు వేడెక్కడం వంటివి కాసేపు కనిపించాయి.

ఇవతలి వైపు చెప్పాల్సినవీ ఉన్నాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో, శరీర బరువులో కిలోకి రోజుకు 30 మిల్లీగ్రాముల గ్లుటమేట్ దాటవద్దని పరిమితి పెట్టింది. మన దేశంలో కలిపితే ప్యాకెట్ మీద రాయాలి, ఏడాదిలోపు పిల్లలకు వద్దని కూడా రాయాలి. తింటే తమకు పడడం లేదని ఎవరైనా అంటే వాళ్ల మాట కొట్టిపారేయకూడదు, మానేయడమే మంచిది. ఇవన్నీ మోతాదుకు సంబంధించిన జాగ్రత్తలు. విషం అనే మాట వేరు. 60 కిలోల మనిషికి ఆ యూరప్ లెక్కన రోజుకు 1.8 గ్రాములు. కింద నేను చెప్పబోయే మసాలా ఒక చెంచా చల్లుకుంటే అందులో ఉండేది 0.2 గ్రాములు కూడా లేదు.

పైగా ఫ్రైస్ రుచి అంతా అజినోమోటోదే అన్న మాట కూడా నిలవదు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ మీద చల్లేది ఉప్పే. అక్కడ రుచి వేయించే కొవ్వులోంచి వచ్చింది. 1990 దాకా ప్రధానంగా గొడ్డు కొవ్వులో వేయించేవారు. ఆ ఏడాది కూరగాయల నూనెకు మారినా, ఫ్యాక్టరీలో సగం వేయించేటప్పుడు బీఫ్ ఫ్లేవర్ కలుపుతూనే వచ్చారు. నూనె మారిందని నమ్మి తిన్న శాకాహారులు, హిందువులు ఎంత బాధపడి ఉంటారో ఆలోచించండి. 2001లో సియాటిల్‌లో హరీశ్ భార్తి అనే న్యాయవాది కేసు వేశారు, 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. భారత్‌లో అమ్మేవాటిలో అది లేదని అప్పుడే చెప్పింది. అమెరికాలో ఉన్న మన శాకాహారులు అజినోమోటో గురించి కాకుండా ఆ పదార్థాల జాబితా గురించి టెన్షన్ పడితే అర్థం ఉంటుంది, ఎందుకంటే అక్కడి ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ కొనసాగింది.

"సైంధవ లవణం కాబట్టి బీపీ ఉన్నవాళ్లూ తినొచ్చు"

ఈ వాక్యం రాసినవారి మీద నాకు నిజంగా కోపం ఉంది.

మా నాన్నగారికి చాలా ఏళ్లుగా బీపీ. అమ్మ ఉప్పు విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండేది, పచ్చడి కూడా లెక్కపెట్టి వేసేది. ఈ మెసేజ్ చూశాక ఆ పొడి కలిపి డబ్బాలో పోసి టేబుల్ మీద పెట్టింది. మంచిదే కదా అని నాన్నగారు ఫ్రైస్ మీదే కాదు, జామకాయ ముక్కల మీద, దోసకాయ ముక్కల మీద, మజ్జిగలో కూడా వేసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత చెకప్‌కి వెళ్తే బీపీ బాగా పెరిగి ఉంది. కొత్తగా ఏం తింటున్నారని డాక్టర్ ఒక్కొక్కటే అడుగుతుంటే ఈ డబ్బా సంగతి బయటికొచ్చింది. ఆ డబ్బా ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఉప్పు తగ్గించాల్సిన మనిషి చేత, మంచిదని చెప్పి ఉప్పు ఎక్కువ తినిపించింది ఆ మెసేజే.

సైంధవ లవణంలో 95 శాతానికి పైగా ఉండేది సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే. గులాబీ రంగు తెచ్చే ఖనిజాలు చిటికెడులో చిటికెడు. ఇక లెక్క చూడండి. మూడూ సమానంగా కలిపితే 5 గ్రాముల చెంచాలో 1.7 గ్రాములు సైంధవ లవణమే. చాట్ మసాలాలో అసలే ఉప్పు, నల్ల ఉప్పు ఉంటాయి, అది అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పేది 5 గ్రాముల లోపు. కూర, చారు, పెరుగు, పచ్చడి అన్నీ అందులోనే రావాలి. అయోడిన్ కలపని సైంధవ లవణం వాడితే అయోడిన్ కూడా పోతుంది.

ఈ మెసేజ్ విషమన్న పదార్థమే సోడియం తగ్గించుకోవడానికి పనికొస్తుంది. ఉప్పులో బరువుకి 39 శాతం సోడియం ఉంటే, మోనోసోడియం గ్లుటమేట్‌లో 12 శాతమే. 25 గ్రాముల ఉప్పు పడే చోట 20 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల అజినోమోటో వేస్తే నాలుకకు చప్పదనం తెలియదు, సోడియం మాత్రం దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పులు కూడా దొరుకుతున్నాయి, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాటి జోలికి వెళ్లకూడదు.

"ఆ మూడూ కలిపితే అచ్చం రెస్టారెంట్ రుచే"

రాదు. నేను కలిపి చూశాను. ముందు నల్ల ఉప్పు వాసన, తర్వాత పచ్చి కారం, అంతే. చాట్ బండి దగ్గర ఆలూ టిక్కీకి అది బాగుంటుంది, ఫ్రైస్ రుచి వేరు.

ముందు కారం సంగతి. మన ఇంటి కారం చాలాసార్లు గుంటూరు వైపు తేజ లాంటి ఘాటు రకాలది. కూరలో ఉడికితేనే దాని పచ్చిదనం పోతుంది. ఫ్రైస్ మీద చల్లేది ఉడకదు, పచ్చిగానే నోట్లోకి వెళ్తుంది. అందుకే రెస్టారెంట్లు పాప్రికా లాంటి, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ మిరప వాడతాయి. మనకు కశ్మీరీ కారం ఉంది. అంతకన్నా దగ్గర్లో వరంగల్ చపాటా మిరప ఉంది. బుట్టలా ఉబ్బి ఉండే ఎర్రటి కాయ, ఘాటు చాలా తక్కువ, రంగు మాత్రం కళ్లు చెదిరేంత. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాప్రికా కోసం ఆన్‌లైన్‌లో వెతికే బదులు చపాటా కారం దొరికితే తెచ్చుకోండి. పెరి పెరి కావాలనుకునేవారు మాత్రం కొంచెం ఘాటు కారం కలుపుకోవచ్చు. పెరి పెరి అసలు ఆఫ్రికాలో పండే సన్నటి ఘాటు మిరప, స్వాహిలీలో పిలి పిలి అంటే మిరపే.

రెండోది, ఆ మెసేజ్‌లో వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి ఊసే లేదు. రెస్టారెంట్ మసాలాకి వెన్నెముక ఆ రెండే. ఇంట్లో వేయించిన ఉల్లిపాయల్ని పొడి చేస్తే నూనె వల్ల ముద్దవుతుంది. ఎండబెట్టిన పొడే కొనాలి. గుజరాత్‌లో మహువా చుట్టుపక్కల ఉల్లి, వెల్లుల్లి ఎండబెట్టే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, అందుకే ఇప్పుడు సూపర్ మార్కెట్లలో సులువుగానే దొరుకుతోంది. మూడోది పంచదార. కొంచెమే, తీపి తెలియకుండా, కారాన్నీ పులుపునీ కలిపి ఉంచడానికి. నాలుగోది పొడి పులుపు. నిమ్మరసం పిండితే ఫ్రైస్ మెత్తబడతాయి, కాబట్టి ఆమ్‌చూర్, చిటికెడు నిమ్మ ఉప్పు.

నేను కలిపే లెక్క ఇది. మెత్తటి ఉప్పు 20 గ్రాములు, చపాటా లేదా కశ్మీరీ కారం 15, పంచదార 10, వెల్లుల్లి పొడి 8, ఉల్లి పొడి 8, ఆమ్‌చూర్ 5, అజినోమోటో 3, మిరియాల పొడి 2, ఒరెగానో 2, నిమ్మ ఉప్పు 1. అజినోమోటో వద్దనుకుంటే మానేయండి, కొంచెం కమ్మదనం తగ్గుతుంది, అంతే. 200 గ్రాముల ఫ్రైస్‌కి తలకొట్టిన చిన్న చెంచా, అంటే సుమారు 4 గ్రాములు చాలు. అందులో ఉప్పు 1 గ్రాము చిల్లర.

అసలు కిటుకు మెత్తదనంలో ఉంది. అన్నీ కలిపి పొడి మిక్సీ జార్లో తిప్పి వస్త్రకాయితం పట్టండి. పలుకు పలుకుగా ఉంటే ఫ్రైస్‌కి అంటుకోదు, గిన్నె అడుగుకి రాలిపోతుంది. చప్పగా ఉందని మళ్లీ చల్లుతాం, ఉప్పు రెట్టింపవుతుంది. పిండిలా మెత్తగా ఉంటే కొంచెమే అయినా ప్రతి ముక్కకీ పడుతుంది, నాలుక మీద వెంటనే కరుగుతుంది.

ఎప్పుడు చల్లాలో ఆ మెసేజ్ చెప్పనే లేదు. పొడిని పట్టి ఉంచేది ఫ్రైస్ మీద ఉండే పలచటి నూనె పొర. నూనె కారిపోయేలా జాలీ మీద అరనిమిషం ఉంచి, వేడి మీదే వెడల్పాటి స్టీలు గిన్నెలో వేసి, మసాలా చల్లి, నాలుగైదు సార్లు ఎగరేయాలి. పేపర్ మీద ఒత్తి నూనె అంతా తీసేసి, చల్లారాక చల్లితే ఏ మసాలా అయినా రాలిపోతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో చేసినవాటికి చివర్లో చెంచా నూనె పట్టించి చల్లండి. చల్లాక వెంటనే తినాలి, ఉప్పు నీటిని లాగి మెత్తబరుస్తుంది.

"కెమికల్స్ ఉండవు"

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆహారంలో కలిపే పదార్థాలకు ఐఎన్ఎస్ అనే అంకెలు ఇస్తారు. ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 330 అని ఉంటే అది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే. 551 అంటే గడ్డకట్టకుండా వేసే సిలికా. 621 అంటే పైన చెప్పిన మోనోసోడియం గ్లుటమేటే. 627, 631 దాని కమ్మదనాన్ని పెంచేవి. అంకె కనిపించగానే భయపడడం కన్నా, అదే ప్యాకెట్ వెనక సోడియం ఎంతని రాశారో చూడడం నాన్నగారి లాంటివాళ్లకు ఎక్కువ ఉపయోగం.

"ఏడాది నిల్వ ఉంటుంది"

ఉల్లి పొడి, పంచదార గాలిలో తేమను లాగేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలంలో అయితే రెండు వారాలకే గడ్డ కడుతుంది. గడ్డ కట్టినంత మాత్రాన పాడైనట్టు కాదు, మళ్లీ మిక్సీలో తిప్పుకోవచ్చు. కానీ రెండు నెలలు దాటితే వెల్లుల్లి వాసన, మిరప రంగు రెండూ తగ్గిపోతాయి. అందుకే పైన చెప్పిన 74 గ్రాములే కలపండి, అయిపోయాక మళ్లీ కలుపుకోండి. గాజు సీసాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. పొగలు వస్తున్న ఫ్రైస్ మీద సీసా వంచి చల్లకండి, ఆవిరి లోపలికి వెళ్లి మొత్తం ముద్దవుతుంది. పొడి చెంచాతో కావలసినంత తీసుకుని, మూత పెట్టేశాకే చల్లండి.