వరంగల్‌కు నౌకాదళం లేదని నార్వే రాజుకు కోపం

గత శనివారం రాత్రి పదకొండున్నర గంటలకు, హన్మకొండ నయీంనగర్‌లోని మా ఇంటి మేడ మీది గదిలో, నార్వే రాజు హరాల్డ్ నన్ను ప్రపంచంలోని రాజులందరి ఎదుట నిందించాడు. నా నేరం ఏమిటంటే, నా దగ్గర తగినన్ని ఓడలు లేవు. నా రాజ్యం ఖండం నడిమధ్యలో ఉన్నదనీ, నాలుగు దిక్కులా కొండలూ అడవులే తప్ప సముద్రం జాడ లేదనీ, నా రాజధానికి ముచ్చటపడి వరంగల్ అని పేరు పెట్టుకున్నాననీ, ఆ పేరు గల అసలు ఊరికి సైతం భద్రకాళి చెరువూ వడ్డేపల్లి చెరువూ ఉన్నాయి గాని ఓడరేవు లేదనీ ఆయనకు విన్నవించుకునే మీట సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆట ఆరో భాగంలో ఎక్కడా లేదు. నౌకాబలం ఉన్నవారిని మెచ్చుకోవాలి, లేనివారిని ఈసడించుకోవాలి అని 2016లో ఆట తయారుచేసినవారు ఆయన నుదుట రాసి పంపారు, ఆయన తు.చ. తప్పకుండా అదే పాటిస్తున్నాడు.

యంత్రం మనిషిని దాటిపోయిందనీ, ఇక వైద్యులూ వకీళ్లూ పంతుళ్లూ దుకాణాలు మూసుకోవలసిందేననీ దినపత్రికలలో రోజూ ఎవరో ఒకరు హెచ్చరిస్తున్నారు. ఆ హెచ్చరికలను నేను తేలికగా తీసుకోను. అయితే, హన్మకొండ చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో గంటకు ఇరవై రూపాయలు చెల్లించి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం ఆడిన నాటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ చక్రవర్తులతో యుద్ధాలు చేసిన వ్యక్తిగా, వారి శక్తిసామర్థ్యాలపై సాక్ష్యం చెప్పే అర్హత నాకున్నదని భావిస్తున్నాను. ఇన్నేళ్లలో నా చేతిలో ఓడిన వారిలో అలెగ్జాండర్ ఉన్నాడు, చంగీజ్ ఖాన్ ఉన్నాడు. వారిలో ఒక్కరికి కూడా నేను నా కుర్చీ అప్పగించలేను. నేను ఆఫీసులో చేసేది ఫైలును నా బల్ల మీది నుంచి పక్క బల్ల మీదికి పంపడమే అయినా, వారి చేతిలో ఆ ఫైలు దారిలో ఏ సముద్రంలోనో దిగి మునిగిపోతుందని నా భయం.

1997 మే నెలలో న్యూయార్క్‌లో చదరంగం ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను మూడున్నరకు రెండున్నర పాయింట్లతో ఓడించింది కంప్యూటరే కదా అని పాఠకులు అడగవచ్చు. అది నిజమే. మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చిన రేటింగ్ జాబితాలో 2800 పాయింట్లు దాటాడు. ప్రపంచ చరిత్రలో ఆ ఎత్తు చూసినవారు చాలా కొద్దిమంది. మామూలు ఫోన్‌లో ఇమిడే స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాము ముందు ఆ కొద్దిమందిలో ఎవరూ నిలవలేరు. అంతటి యంత్రజాతిలో పుట్టిన హరాల్డ్, విలుకాండ్రను ముందు నిలబెట్టి కత్తివీరులను వారి వెనుక దాచే సేనాపతి ఎందుకయ్యాడన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

చదరంగంలో ఒక వంతుకు ఒక పావు కదులుతుంది. బల్ల మీద 64 గళ్లున్నాయి, ఎదుటివాడి పావు ఎక్కడున్నదో దాచే పొగమంచు లేదు, ముప్పై నలభై ఎత్తులలో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. హరాల్డ్ బతుకు అలాంటిది కాదు. ఆయనకు 20 దళాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దళం ఆ వంతులో చేయదగిన పనులు పదే అనుకుందాం. అన్నింటినీ కలిపి లెక్క వేస్తే, ఒకటి పక్కన 20 సున్నాలు పెట్టినన్ని మార్గాలు ఒక్క వంతుకే తేలుతాయి. కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. హరాల్డ్ అదే వేగంతో తన మార్గాలన్నింటినీ చూసి గాని అడుగు వేయనని భీష్మించుకు కూర్చుంటే, ఒక్క వంతు పూర్తి కావడానికి 15,800 ఏళ్లు పడుతుంది. రుద్రమదేవి ఏలుబడి నుంచి మన కాలానికి ఎనిమిది వందల ఏళ్లు కూడా నిండలేదు. పైగా ఏ నగరంలో ఏమి కట్టాలి, ఏ విద్య ముందు నేర్వాలి, ఎవరితో పొత్తు పెట్టుకోవాలి అన్నవి ఈ లెక్కలో లేవు. నేను తిరిగి ఏమి చేస్తానన్నది అసలే లేదు.

ఇంత పనికి ఆయనకు దొరికే గడువు కొన్ని సెకన్లు. వాటినీ మిగతా రాజులతో పంచుకోవాలి. అంతకు మించితే నేను ఆగను, ఫోన్ తీసుకుంటాను. కాబట్టి ఆయన అన్నీ పరిశీలించడు. రాసి ఇచ్చిన నియమాల పట్టిక చూసి, ఒక్కొక్క గడికి ఇన్ని మార్కులని వేసి, ఎక్కువ మార్కులు వచ్చిన గడికి ఒక దళాన్ని పంపి, తర్వాత రెండో దళం సంగతి ఆలోచిస్తాడు. 2010లో వచ్చిన ఐదో భాగానికి ముందు దళాలన్నింటినీ ఒకే గడిలో గుట్టగా పోసి ముందుకు తోసే వెసులుబాటు ఉండేది. అది ఆయన స్వభావానికి చక్కగా సరిపోయేది. ఒక గడిలో ఒకే పోరాట దళం నిలవాలన్న నియమం వచ్చిన నాటి నుంచి, ఆయన సైన్యం ఏ కనుమ దగ్గరికి వచ్చినా పస్రా దగ్గర ఆగిన మేడారం బస్సుల వరుసను తలపిస్తున్నది. నేను గుట్ట మీద ఇద్దరు విలుకాండ్రను కూర్చోబెట్టి, చాయ్ తాగుతూ ఆ వరుసను మొదటి నుంచి చివరి దాకా ఖాళీ చేస్తుంటాను.

ఆట తయారుచేసినవారికి ఈ సంగతి తెలియదని కాదు. తెలివి ఇవ్వలేని చోట బియ్యం ఇద్దామని వారు ఎప్పుడో నిర్ణయించుకున్నారు. 'డెయిటీ' అనే అత్యంత కఠిన స్థాయిని ఎంచుకుంటే హరాల్డ్ బుద్ధి పెరుగుతుందని అమాయకులు అనుకుంటారు. పెరిగేది ఆయన గాదె మాత్రమే. నేను ఒకే ఒక వలసదారుల గుంపుతో అడవిలో దిగితే ఆయనకు మూడు గుంపులు ఇస్తారు. ఆయన నగరాలలో ఉత్పత్తికి 80 శాతం అదనంగా కలుపుతారు. విజ్ఞానానికి 32 శాతం చేరుస్తారు. ఆయన సైనికుడు కత్తి దూస్తే బలంలో నాలుగు పాయింట్లు ఊరికే జోడిస్తారు. పరీక్షలు తప్పిన కొడుక్కి హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టించి ఇచ్చే తండ్రులు మన ఊళ్లో ఉన్నారు గనుక ఈ ఏర్పాటు మనకు వింతగా తోచదు. మొదటి ఏడాది ఆ హాలు కూడా బ్రహ్మాండంగా నడుస్తుంది. హరాల్డ్ సైతం మొదటి వంద వంతులు నిజంగానే భయపెడతాడు. తర్వాత ఆ సంపదను ఏమి చేయాలో తోచక, ఒక్కో కత్తివీరుణ్ని నా కోట గోడ దగ్గరికి విడివిడిగా పంపడం మొదలుపెడతాడు.

కోట మాట వచ్చింది గనుక ఖిలా వరంగల్‌ను తలచుకోకుండా ఉండలేను. మట్టికోట, దాని ముందు కందకం, లోపల రాతికోట అన్న ఆ అమరికను ఛేదించడానికి ఢిల్లీ సైన్యాలు ఎన్ని అవస్థలు పడ్డాయో చరిత్ర చదివినవారికి తెలుసు. 1303లో వచ్చిన సైన్యం ఓడి తిరిగి వెళ్లింది. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడించి కప్పం తీసుకుని వెనుదిరిగాడు. ఆ తర్వాత ఉలుగ్ ఖాన్ మొదటి ప్రయత్నం విఫలమై దేవగిరికి వెళ్లిపోయి, కొత్త బలగంతో మళ్లీ వచ్చి 1323లో కోటను పట్టుకున్నాడు. మా కోటను కూల్చినవాణ్ని మెచ్చుకోవడం వరంగల్ వాడికి తగిన పని కాదు. అయినా ఒక్క మాట ఒప్పుకోక తప్పదు: అతను మొదటిసారి ఓడిపోయిన సంగతి రెండోసారి వచ్చేటప్పుడు అతనికి గుర్తుంది. హరాల్డ్‌కు గుర్తుండదు. ఆట ముగిసిన మరుక్షణం ఆయనకు పూర్వజన్మ స్మృతి పోతుంది. ఏడేళ్లుగా ఒకే ఉపాయంతో ఆయనను ఒకే రకం కనుమలోకి రప్పిస్తున్నాను. ప్రతిసారీ కొత్త పెళ్లికొడుకు లాగా నవ్వుతూ వస్తాడు.

పరకాల దగ్గరి మా అమ్మమ్మ ఊళ్లో మా తాత పులి-మేక ఆడేవాడు. మూడు పులులు, పదిహేను మేకలు, బండ మీద సుద్దతో గీసిన గీతలు, గులకరాళ్లు, పగిలిన గాజుముక్కలు. ఇంతకంటే సరంజామా లేదు. ఆయన ఎప్పుడూ మేకల వైపే ఉండేవాడు. ఒక మేకను నా పులి నోటి దగ్గర కావాలని వదిలేవాడు, నేను ఎగిరి దూకగానే వెనక దారి మూసేవాడు. ఎన్నోసారి ఓడినప్పుడో గుర్తు లేదు గాని, నేను ఏడుపు ముఖం పెడితే "నువ్వు మేకను చూస్తున్నవ్ బిడ్డా, నేను నిన్ను చూస్తున్న" అన్నాడు. కంప్యూటర్ రాజుకు బల్ల కనిపిస్తుంది, గడుల మీది మార్కులు కనిపిస్తాయి. కుర్చీలో కూర్చున్న నేను కనిపించను. నాకు ఆశ ఎక్కువని, ఎడమ పక్క సరిహద్దును ఎప్పుడూ మరచిపోతానని మా తాత రెండు ఆటల్లో పసిగట్టేవాడు.

రాయబారాల గురించి ఎక్కువ రాయను. 1991 నాటి ఈ ఆట మొదటి భాగంలో ప్రోగ్రాము లెక్క తప్పి, కంప్యూటర్ ఆడించే గాంధీ అణుబాంబుల పిచ్చివాడయ్యాడన్న కథను లోకం ఏళ్ల తరబడి నమ్మింది. అటువంటి తప్పు అసలు లేనే లేదని ఆ ఆటను రూపొందించిన సిడ్ మీయర్ 2020లో తేల్చాడు. ఐదో భాగంలో మాత్రం గాంధీకి అణుబాంబుల మీద మోజును తయారీదారులు సరదాకు తామే పెట్టారు. కంప్యూటర్ రాజు పొరపాటున పిచ్చివాడైనా, పనిగట్టుకుని పిచ్చివాణ్ని చేసినా చూసేవారికి తేడా తెలియదన్నది ఇందులో నాకు నచ్చిన సంగతి.

ఇంతవరకు చదివిన ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా ఆల్ఫాస్టార్ పేరు ఎత్తుతాడని నాకు తెలుసు. 2019 జనవరిలో డీప్‌మైండ్ సంస్థ ఆ ప్రోగ్రామును చూపింది. స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధాల కంప్యూటర్ ఆట రెండో భాగంలో ఇద్దరు వృత్తి ఆటగాళ్లను అది చెరి ఐదు ఆటలలో వరుసగా ఓడించింది. అందుకోసం ఒక్కొక్క ప్రతి 200 ఏళ్ల వరకు సరిపోయేంత ఆట అనుభవం గడించింది. అయితే మనిషి మాదిరిగా తెర మీద ఒక భాగాన్నే చూస్తూ ఆడే రూపాన్ని ప్రత్యక్ష ప్రదర్శనలో దింపినప్పుడు, అంతకు ముందు ఓడిన పోలండ్ ఆటగాడే ఒక చిన్న ఉపాయం పన్నాడు. ఎగిరే వాహనంలో ఒకటి రెండు దళాలను దాని స్థావరం వెనక దింపడం, అది సైన్యాన్ని వెనక్కి తిప్పగానే ఎక్కించుకుని పోవడం, అది ముందుకు కదలగానే మళ్లీ దింపడం. రెండు వందల ఏళ్ల అనుభవం గల ఆ సైన్యం, ప్లాట్‌ఫామ్ మారిందన్న ప్రకటన విన్న కాజీపేట జంక్షన్ ప్రయాణికుల మాదిరిగా, సామాన్లతో సహా అటూ ఇటూ పరుగెత్తి ఓడిపోయింది. అదే ఏడాది చివరికి ఆ ప్రోగ్రాము మెరుగై 99.8 శాతం ఆటగాళ్లను దాటిందని కూడా న్యాయంగా చెప్పాలి. ఆ విద్య ఆ ఒక్క ఆటకే పనికివస్తుందని, హరాల్డ్‌కు నేర్పాలంటే మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలని, నేర్చే లోపు ఆట నియమాలు మారిపోతాయని కూడా చెప్పాలి.

నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆటలో 2016 మార్చిలో కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్ ఆల్ఫాగో అనే ప్రోగ్రాము చేతిలో నాలుగుకు ఒకటిగా ఓడినప్పుడు ఆ కథ ముగిసిందని అందరూ అన్నారు. 2023లో అమెరికాకు చెందిన ఒక అమెచ్యూర్ ఆటగాడు ఆ కోవకు చెందిన మేటి ప్రోగ్రామును 15 ఆటలలో 14 సార్లు ఓడించాడు. మూలల్లో దాని దృష్టి మళ్లిస్తూ, దాని రాళ్ల చుట్టూ పెద్ద వలయం అల్లుకుంటూ పోవడమే ఉపాయం. మెడకు ఉరి బిగిసేదాకా దానికి తెలియలేదు. ఆ లోపాన్ని వెతికి ఇచ్చింది మరో కంప్యూటర్ ప్రోగ్రామేనన్నది వేరే సంగతి. మా తాత ఉంటే ఆ అమెరికా ఆటగాణ్ని పిలిపించుకుని బండ మీద కూర్చోబెట్టేవాడు.

ఇక్కడ నా పక్షం లోపాన్ని దాచడం పత్రికా ధర్మం కాదు. హరాల్డ్‌కు మూడు గుంపులు ఇవ్వడం మోసమని నేను చాలా సభల్లో, ముఖ్యంగా ఆఫీసు క్యాంటీన్ సభల్లో ఖండించాను. అదే నేను ప్రతి యుద్ధానికి ముందు ఆటను సేవ్ చేస్తాను. ఓడితే వెనక్కి వెళ్లి మళ్లీ ఆడతాను. ఒక కనుమ యుద్ధాన్ని పదకొండు సార్లు ఆడి, పన్నెండోసారి గెలిచి, దాన్ని నా సైనిక ప్రతిభగా ఇంట్లో వర్ణించాను. హరాల్డ్ ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లలేదు. ఓడిపోతున్నానని తెలిసి కరెంటు పోయిందని చెప్పలేదు. వరంగల్ ఎండాకాలంలో ఆ సాకును ఎవరైనా నమ్ముతారని తెలిసినా సరే.

చివరకు గత నెలలో, ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్న కొడుకు, కంప్యూటర్ రాజుల బుద్ధిని పెంచడానికి ఆటగాళ్లు సొంతంగా రాసుకున్న ఒక మార్పును నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి వెళ్లాడు. ఇన్నేళ్లుగా కోరుకున్నది దొరికిందని సంబరపడ్డాను. ఆ రాత్రి చంగీజ్ ఖాన్ నాతో స్నేహం చేశాడు. నా సైన్యం ఉత్తరాన వేరే యుద్ధంలో మునిగి ఉండగా, నేను ఎప్పుడూ మరచిపోయే ఎడమ పక్క సరిహద్దు నుంచి, కత్తివీరులను ముందూ విలుకాండ్రను వెనుకా నడిపించుకుంటూ వచ్చి, నాలుగు వంతుల్లో వరంగల్‌ను పట్టుకున్నాడు. నేను రాత్రి పన్నెండున్నరకు మా వాడికి ఫోన్ చేసి, ఆ మార్పులో లోపం ఉన్నదనీ, చంగీజ్ ఖాన్ మోసం చేస్తున్నాడనీ ఫిర్యాదు చేశాను. వాడు నిద్రమత్తులో అంతా విన్నాడు. "మోసం కాదు కాకా, నువ్వెట్ల ఆడుతవో అట్లనే ఆడిండు" అన్నాడు.

మార్పును తెల్లవారకముందే తీసేయించాను. ప్రస్తుతం నేను అన్నిటికంటే తేలికైన 'సెట్లర్' స్థాయిలో ప్రపంచాన్ని ఏలుతున్నాను. నిన్న రాత్రి హరాల్డ్ మళ్లీ ఓడల ప్రస్తావన తెచ్చాడు.