నవంబర్‌లో పని పెట్టండి, సుగ్గి బండి ఆగుతుంది

పత్తి ఏరడం అయిపోగానే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. అరుగుల మీద ముసలోళ్లు మిగులుతారు. తక్కిన ఇల్లంతా గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోత కూలికి వలస, పోతుంది. ఆ కూలి డబ్బే కర్నూలు పడమటి ఊళ్లను బతికిస్తోందనే మాట ఏటా వింటున్నాం. నేను ఒప్పుకోను. ఆ డబ్బు ఊళ్లో నిలవదు.

ఆలుమగలు 90 రోజులు, మనిషికి రోజుకు 500 చొప్పున కోశారనుకుందాం: 90,000. తిండికి రోజుకు 150 లెక్కన 13,500, రానుపోను బండి బాడుగ 4,000 తీసేస్తే 72,500. జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 40,000, పది నెలలకు 52,000 అయి కూర్చుంటుంది. చేతికొచ్చేది 20,500. అదీ ఎవరికీ జ్వరం రాకుండా, కాయ తడవకుండా, కూలీలను తోలుకెళ్లే మేస్త్రీ కోత పెట్టకుండా ఉంటే! మళ్లీ జూన్‌కల్లా అదే గుమ్మం ముందు నిలబడాలి.

ఉపాధి హామీ ఇదే సీమలో, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. కానీ పనులు ముమ్మరమయ్యేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. అప్పటికి సుగ్గి అయిపోయి ఉంటుంది. కూలి కట్టేది కొలతల మీద. ఎండకు బిగుసుకున్న నేల గడ్డపారకు లొంగదు, అందుకే వేసవి భత్యం కలపాల్సి వచ్చింది. పదును మీదున్న నవంబర్ నేలలో అదే మనిషి ఎక్కువ తవ్వుతాడు, కూలి నిండుగా పడుతుంది. దసరాకే అంచనాలు మంజూరు చేసి పెట్టుకుంటే ఇదేమంత కష్టం కాదు.

అడిగే తీరూ మారాలి. పని కావాలని కాగితం మీద రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. 15 రోజుల్లో పని చూపకపోతే మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆపైన సగం భృతి ఇవ్వాలని 2005 చట్టం రాసింది. రసీదు లేకపోతే ఆ 15 రోజుల లెక్కే మొదలవదు. మనవాళ్లు నోటిమాటగా అడుగుతారు, అవతల 'చూద్దాం' అంటారు, ఈలోగా మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడతాడు. అడ్వాన్సు ముట్టాక ఊళ్లో పని దొరికినా ఆగలేరు.

గుంటూరులో కూలి ఎక్కువ కదా, ఎందుకు ఆపాలంటారు. ఎక్కువే. బెంగళూరులో సెంట్రింగ్ పని నేర్చిన కుర్రాడిని ఎవరూ ఆపక్కర్లేదు. నా బాధ బడి మాని మిరప సాళ్లలో పండుకాయ కోస్తున్న పదేళ్ల పిల్ల గురించి. వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్‌ను బండి కదలకముందే తెరవాలి. తర్వాత తెరిస్తే అందులో ఉండటానికి పిల్లలేరీ?

అసలు రోగం మాత్రం నీళ్లు. తుంగభద్ర డ్యామ్‌ను పూడిక మింగుతోంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు గానీ దాని వయసు మనకు గుర్తు రాలేదు. దిగువ కాలువ కింద శనగకో జొన్నకో రెండు తడులు అందితే ఆ ఇల్లు డిసెంబర్‌లో తన చేనులోనే ఉంటుంది. చివరి తూములకు డిసెంబర్, జనవరిలో ఎన్ని రోజులు నీళ్లొదిలారో ప్రతి పంచాయతీలో బోర్డు మీద రాయించాలి. ఆ పక్కనే, ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళం పడిందో కూడా.