పాత కంప్యూటర్‌కి చిన్న రిపేరు

మన ఇళ్ళలో కొత్త వస్తువు ఎవరూ కొనరు. పాతదాన్ని బాగుచేయిస్తారు. ఈ రెండింటికీ తేడా తెలియనివాడు సంసారానికి పనికిరాడు. కొత్తది కొనాలంటే లెక్కలుంటాయి, అలకలుంటాయి, "ఇప్పుడు దానికేం తొందర?" అనే సుప్రీంకోర్టు ఉంటుంది. రిపేరుకి ఇవేవీ ఉండవు. విజయవాడ సత్యనారాయణపురంలో మా పక్కింటాయన ఇలాగే చిన్న రిపేరని మొదలుపెట్టి పెంకుటిల్లు ఉన్నచోట మూడంతస్తులు లేపాడు. గేటు మాత్రం పాతదే ఉంచాడు. ఎవరేమడిగినా గేటు చూపిస్తాడు.

ఈ ధర్మసూక్ష్మం కంప్యూటర్లకు కూడా వర్తిస్తుందని లోకానికి తెలియాలి కాబట్టి నా అనుభవం మనవి చేసుకుంటున్నాను.

మా ఇంట్లో ఒక బ్రాండెడ్ కంప్యూటర్ ఉండేది. ఏదో ఆఫీసులో ఊడిగం చేసి, రిటైరై, గవర్నర్‌పేట కంప్యూటర్ షాపులో ఒళ్ళు తుడిపించుకుని సెకండ్‌హ్యాండ్‌లో మా గడప తొక్కింది. మెదడేమో ఇంటెల్ వాళ్ళ నాలుగో తరం ఐ5, అంటే 2013 నాటి ప్రాసెసర్. 8 జీబీ ర్యామ్, అంటే మెమరీ, అదీ పాతకాలపు డీడీఆర్3 రకం. 290 వాట్ల పవర్ సప్లై. కరెంటు బిల్లు కట్టేది, పాటలు పాడేది, ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. ఏటా దసరాకి పవర్ బటన్ పక్కన బొట్టు పెట్టేవాళ్ళం. బొట్టు మీద బొట్టు పడి, చివరికి ఏది నొక్కాలో చుట్టాలకి తెలిసేది కాదు.

ఇలా ఉండగా మావాడు, ఇంజినీరింగ్ మూడో ఏడాది, ఒకరోజు అన్నం తింటూ అన్నాడు: "ఆటల్లో బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి, ఒక్క కార్డు వేస్తే చాలు నాన్నా. కొత్తదాన్లా పరిగెడుతుంది."

తెలుగులో 'ఒక్క'ని మించిన ఖరీదైన మాట లేదు. అయినా నేను పడ్డాను. ముప్పై వేల చిల్లర పోసి, 18 శాతం జీఎస్టీతో సహా, ఆర్‌టీఎక్స్ 4060 అనే కార్డు ఇంటికి తెచ్చాం. అట్టపెట్టెకి మా ఆవిడే బొట్టు పెట్టింది. రిపేరు సామాను అని చెప్పాం మరి.

కంప్యూటర్ పక్క రేకు తీశాం. లోపల దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు, మా ఆవిడ మూడేళ్ళుగా వెతుకుతున్న పిన్నీసు. ఫ్యాను రెక్కల మీద మట్టి ఎంత మందాన పేరుకుందంటే గోంగూర విత్తనాలు చల్లొచ్చు. అన్నీ తుడిచి కార్డు లోపల పెట్టబోతే హార్డ్ డిస్కు పెట్టే రేకు గూడు అడ్డం వచ్చింది. ఒక్క అంగుళం.

విజయవాడ వాడికి అంగుళం ఒక లెక్కా? ఆటోనగర్ ఉంది. డబ్బాని స్కూటర్ మీద పెట్టుకుని వెళ్ళాం. లారీలకి బాడీలు కట్టే షెడ్డులో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్రైండర్ పెట్టాడు. రవ్వలు లేచాయి. అంచులు చేతికి గీసుకోకుండా ఆకురాయి కూడా పట్టి, "వెనకాల ఏమన్నా రాయించుకుంటారా సార్?" అనడిగాడు. వద్దన్నాను. ఇప్పుడనిపిస్తోంది, రాయించుకుని ఉండాల్సింది.

కార్డు పట్టింది. తిండి దగ్గర పేచీ వచ్చింది.

గ్రాఫిక్స్ కార్డంటే కొత్తల్లుడు. కంప్యూటర్ భాగాలన్నీ బిగించే బోర్డు మీద దాన్ని గుచ్చే స్లాటు 75 వాట్ల దాకా కరెంటు ఇస్తుంది. అది పంక్తిలో అందరితో పాటు వడ్డించే అన్నం. మా అల్లుడి ఆకలి 115 వాట్లు. మిగతాది పవర్ సప్లై నుంచి నేరుగా 8 పిన్నుల వైరులో విడిగా పంపాలి. మా పవర్ సప్లైకి ఆ వైరే లేదు. ఉన్నా లాభం లేదు, 550 వాట్లది పెట్టమని కార్డు తయారుచేసినవాళ్ళే చెబుతున్నారు.

సరే, మార్చేద్దామని కొత్త పవర్ సప్లై తెచ్చాం. లోకంలో అన్ని బోర్డులకీ 24 పిన్నుల ప్లగ్గు ఉంటుంది. మాదానికి 8. ఆ కంపెనీ సొంతంగా కనిపెట్టుకున్న 8. బయటి సంబంధాలు చేసుకోని వంశం అన్నమాట. 24ని 8గా మార్చే వైరు ముక్క కోసం నాలుగు షాపులు తిరిగితే, అయిదో షాపతను అది చేతిలో పెడుతూ అన్నాడు: "కార్డు మంచిదే సార్. ఇల్లే ఇరుకు."

2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డయితే 70 వాట్లతో సరిపెట్టుకుంటుందనీ, వేరే వైరు అడగదనీ, పొట్టి రకం తీసుకుంటే ఆటోనగర్ దాకా వెళ్ళే పనే ఉండేది కాదనీ కూడా ఆయనే చెప్పాడు. పంక్తిలో కూర్చుని పెట్టింది తిని లేచిపోయే బుద్ధిమంతుడు. అలాంటి అల్లుళ్ళు మనవాళ్ళకి ఆనతారా?

మొత్తానికి కంప్యూటర్ ఆన్ అయింది. మావాడు ఆట మొదలెట్టాడు. "చాలా తేడా ఉంది నాన్నా!" అన్నాడు. నేనూ చూసి, గడ్డి పరకలు విడివిడిగా కనబడుతున్నాయన్నాను. రెండు రోజులు ఇద్దరం మురిసిపోయాక మా తమ్ముడి కొడుకు వచ్చి వెనక్కి వంగి చూశాడు. మానిటర్ వైరు, ఆ నీలం రంగు వీజీఏ ప్లగ్గు, పాత బోర్డుకే బిగించి ఉంది. ముప్పై వేల అల్లుడు రెండు రోజులు విడిదింట్లోనే కూర్చున్నాడు. మేం చూసి మురిసిందంతా పాత ప్రాసెసర్‌లో ఉన్న ఉచిత గ్రాఫిక్సే. కొత్త కార్డుకి వీజీఏ ఉండదు, డిస్‌ప్లే పోర్టులూ ఒక హెచ్‌డీఎంఐ మాత్రమే. మళ్ళీ గవర్నర్‌పేట. మళ్ళీ ఒక కన్వర్టర్.

అప్పుడు నిజమైన తేడా కనబడింది. ఆట రివ్వున వెళ్ళి టక్కున ఆగుతోంది. దీన్ని బాటిల్‌నెక్ అంటారట. నాకు వేరే వివరం అక్కర్లేదు, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కి ఎగిరి దూకి రామవరప్పాడు రింగ్ దగ్గర గేరు మార్చుకోవడం నాకు రోజూ ఉన్నదే. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్ సరుకు అందించేలోపు కార్డు గోళ్ళు గిల్లుకుంటోంది.

ఆపైన మా డబ్బాలో ఉన్న విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే కిందివాళ్ళని, ఏవో కొన్నింటిని తప్ప, గడప తొక్కనివ్వదు. సరిగ్గా అదే అక్టోబర్ 14న విశాఖకు గూగుల్ ఏఐ డేటా సెంటర్ వస్తోందని ప్రకటన వస్తే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ర్యామ్ ధర అడిగితే, ప్రపంచంలో ఉన్న మెమరీ చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకే పోతున్నాయి, మనకి ఇదే రేటు అన్నారు. చప్పట్లు వెనక్కి తీసుకునే పద్ధతి ఏమన్నా ఉందేమో తెలియదు.

గోచీని ఎలకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని పెంచాడు, పిల్లికి పాలకని ఆవుని తెచ్చాడు, ఆవుని చూసుకోవడానికి పెళ్ళి చేసుకున్నాడు. ఆయనని చూసి చిన్నప్పటి నుంచీ నవ్వుతూ వచ్చాను. ఇప్పుడు ఎదురొస్తే కుర్చీ వేస్తాను. ప్రాసెసర్ మారిస్తే బోర్డు మారింది, బోర్డు మారితే ర్యామ్ మారింది, ఇంత చేసి ఆ హార్డ్ డిస్కు ఎందుకని దానికంటే చురుకైన ఎస్‌ఎస్‌డీ వచ్చింది. ఆఖరికి ఆటోనగర్లో కోయించిన డబ్బాలో కొత్త బోర్డు కుదరలేదు. పవర్ బటన్ వైరు కూడా ఆ వంశంవాళ్ళదే. కాబట్టి కొత్త క్యాబినెట్, అంటే డబ్బా కూడా.

రిపేరు పూర్తయింది. గాజు తలుపులోంచి రంగు లైట్లు వెలుగుతుంటే మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి చాలాసేపు చూసింది.

"పాతదాన్ని బాగుచేయించారు కదా. ఇందులో పాతదేదో ఒకసారి చూపించండి."

పక్కింటి గేటు గుర్తొచ్చింది. నేను వెనక్కి వంగి, గోడ సాకెట్ నుంచి వస్తున్న నల్ల వైరు పట్టుకుని ధైర్యంగా చూపించాను.

"అది కాదు," అంది. "దాని వైరు వేసవిలో ఎలక కొరికేసింది. నేనే 120 రూపాయలిచ్చి ఇది తెప్పించాను."