సవరణ: నీటి పసుపు రంగుకు క్లోరిన్ మందు కాదు

వానాకాలంలో ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు కుళాయి నీరు లేత టీ రంగులో వస్తే, శుద్ధి కేంద్రంలో మొదట్లోనే క్లోరిన్ ఎక్కువ వేయమని అడగాలని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. నమ్మినవారు క్షమించాలి.

కొండ అడవుల్లో కుళ్లిన ఆకుల నుంచి హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలు వాననీటితో నాగావళి, వంశధారల్లోకి చేరతాయి. క్లోరిన్ వాటి రంగును వెలిసిపోయేలా చేస్తుంది గానీ పదార్థాన్ని తీసేయదు. పైగా ఆ ఆమ్లాలతో కలిసి క్లోరోఫామ్ వంటి ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలను పుట్టిస్తుంది. ఈ సంగతి 1974 నుంచీ తెలిసిందే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరోఫామ్‌కు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది.

కాబట్టి ముందు పటిక కలిపి, తేర్చి, వడపోయాలి. ప్రధాన మోతాదు క్లోరిన్ ఆ తర్వాతే. పటిక బురదను మాత్రమే దించుతుందని ఆ పోస్టులో అన్న నా మాట కూడా సరికాదు. నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 6 దగ్గరికి తెచ్చి, మోతాదు సరిగ్గా వేస్తే ఈ ఆమ్లాలలో చాలా భాగాన్ని అదే పట్టుకుంటుంది. ఆ మోతాదును జార్ పరీక్షతో (అదే నీటిని కొన్ని జాడీల్లో పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక వేసి చూసే పరీక్ష) తేల్చాలి, పెద్ద వాన పడిన ప్రతిసారీ మళ్లీ చూడాలి. నిన్నటి లెక్క ఇవాళ్టి నదికి సరిపోదు. పటికకు చిక్కని చిన్న అణువులను పట్టుకోడానికి యాక్టివేటెడ్ కార్బన్ అనే ప్రత్యేక బొగ్గు ఉంది.

ఇది చదివి క్లోరినే వద్దని మాత్రం ఎవరూ అడగవద్దు. 2022లో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో కలరా ప్రాణాలు తీసింది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాల్సిందే.